మన రోడ్లకు అడాస్ ఎంత అక్కర? టాప్ మోడల్‌కు డబ్బు కట్టే ముందు

పోయిన నెల మిర్యాలగూడ నుంచి మా బావ రెండు కొటేషన్లు వాట్సాప్‌లో పంపాడు. ఒకటే కారు, ఒకటే రంగు, రెండూ ఆటోమేటిక్. పై మోడల్‌కూ దాని కింది మోడల్‌కూ ఆన్‌రోడ్ ధరలో తేడా లక్షన్నర పైనే. పైదాంట్లో అడాస్ ఉంది, అంటే కెమెరా, రాడార్లతో చూస్తూ డ్రైవరుకు సాయపడే ఏర్పాటు. కిందిదాంట్లో లేదు. వెనకే ఒక వాయిస్ మెసేజ్: "బామ్మర్దీ, షోరూం పిల్లగాడేమో కారు తనంత తనే నడుస్తది అంటుండు. గా లక్షన్నర పెట్టాల్నా వద్దా, జర చెప్పు."

ఇదే ప్రశ్న ఈ ఏడాదిలో నన్ను ఇంకో ఇద్దరు అడిగారు. పాలమూరులో టీచరుగా చేస్తున్న మా చెల్లె ఒకరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ వారం వారం సూర్యాపేటకు వచ్చిపోయే మా దోస్తు కొడుకు ఒకడు. ముగ్గురికీ నేను చెప్పింది ఒకటి కాదు. అడాస్ ఉన్న కారును రెండున్నరేళ్లుగా నల్లగొండలో ఉండి నడుపుతున్నాను. హైదరాబాద్‌కు నెలకు మూడు నాలుగుసార్లు పోతాను. కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరుకు నెలకోసారి పోతాను. ఆ రెండు దారుల్లో అదే కారు రెండు రకాలుగా పనిచేస్తుంది. అందుకే బ్రోచర్ పక్కన పెట్టి, మీరు రోజూ పోయే రోడ్డు ముందర పెట్టుకుని ఇది చదవండి.

ముందుగా ఆ షోరూం పిల్లగాడి మాట సంగతి. కారు తనంత తనే నడవదు. వాహనాల స్వయంచాలకతను సున్నా నుంచి అయిదు దాకా లెవెల్స్‌గా లెక్కగడతారు. మన దగ్గర షోరూంలో కొనుక్కునే కార్లలో ఉన్నది మహా అయితే లెవెల్ 2. అంటే స్టీరింగుకు కొంత, బ్రేకుకు కొంత సాయం ఉంటుంది. చేతులు, కళ్లు, బాధ్యత మాత్రం డ్రైవరువే. కారుతో ఇచ్చే మాన్యువల్‌లో ఈ ముక్క స్పష్టంగా రాసి ఉంటుంది. అమ్మేవాళ్లు ఆ పేజీ తెరిచి చూపించరు, మీరే తెరిపించండి.

ఒక కెమెరా, ఒక రాడార్, ఇరవై పేర్లు

లోపలి అద్దం వెనక, ముందు గాజుకు అతికి ఒక కెమెరా ఉంటుంది. గీతలు, బండ్ల ఆకారాలు, మనుషులు, లైట్లు ఇది చూస్తుంది. ముందు గ్రిల్లులోనో బంపరు కిందో ఒక రాడార్ ఉంటుంది. ముందున్న బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో దగ్గరవుతోంది అన్నది ఇది కొలుస్తుంది. కొన్ని కార్లకు వెనక బంపరు రెండు మూలల్లో ఇంకో రెండు చిన్న రాడార్లు ఉంటాయి. అంతే సామాను. బ్రోచర్‌లో కనిపించే పొడుగు జాబితా అంతా ఈ నాలుగు కళ్ల నుంచి వచ్చిందే. "ముందు గుద్దుకునే హెచ్చరిక" అని ఒకటి, "నగరంలో ముందు గుద్దుకునే హెచ్చరిక" అని ఇంకొకటి, అట్లా ఒకే పనికి మూడు పేర్లు పెట్టి లెక్క పెంచుతారు. పేర్లు లెక్కపెట్టకండి. రెండే అడగండి: ముందు రాడార్ ఉందా, కెమెరా ఒక్కటేనా? వెనక మూలల్లో రాడార్లు ఉన్నాయా, లేవా?

కెమెరా ఒక్కదానితో నడిచేవి చవక. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త హోండా అమేజ్ అట్లాంటిదే. అడాస్ ఉన్న మోడల్ కూడా అప్పట్లో ఎక్స్‌షోరూం పది లక్షల లోపే మొదలైంది. అదే 2024 ఏప్రిల్‌లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ పై మోడళ్లలో కెమెరాతో పాటు రాడార్ కూడా ఉంది. 2021లో ఎక్స్‌యూవీ 700, ఎంజీ ఆస్టర్ వచ్చినప్పుడు ఇది పెద్ద కార్లకే దక్కే వస్తువు. ఇప్పుడు చిన్న కార్ల దాకా దిగివచ్చింది.

కెమెరాకు మన కంటికున్న బలహీనతలే ఉంటాయి. పొద్దున ఏడింటికి చౌటుప్పల్ దాటి విజయవాడ వైపు పోతుంటే సూర్యుడు సూటిగా ముఖం మీద కొడతాడు. సాయంత్రం తిరిగి హైదరాబాద్ వైపు వచ్చేటప్పుడు మళ్లీ అదే. మనం చెయ్యి అడ్డం పెట్టుకుంటాం, కెమెరాకు ఆ వీలు లేదు. జోరువాన, చలికాలపు పొగమంచు కూడా అంతే. రాడార్‌కు వెలుతురుతో పని లేదు, వానలో మంచులో కూడా కెమెరా కంటే నయం. కాబట్టి హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు రాడార్ ఉన్నది చూడండి. ఊళ్లో నలభై, యాభై వేగంతో తిరిగేవాళ్లకు కెమెరా ఒక్కటి ఉన్నా దండగ కాదు.

అడాస్ కంటే ముందు వరుసలో ఉండేవి

2018 ఆగస్టు 29 పొద్దున నందమూరి హరికృష్ణ గారి కారు మా నల్లగొండ పక్కనే అన్నెపర్తి దగ్గర డివైడర్‌ను గుద్దింది. ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పుడే వార్తల్లో వచ్చింది. ఆ నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద పోయిన ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది. కారులో ఎన్ని రాడార్లున్నా బెల్టు పెట్టుకోని మనిషికి అవి చేసేది తక్కువ. మా వైపు ఇప్పటికీ బెల్టు బక్కిల్‌లో ఉత్త క్లిప్పు పెట్టి చప్పుడు ఆపేసి నడిపేవాళ్లను రోజూ చూస్తున్నాను. అట్లాంటి క్లిప్పు మీ కారులో ఉంటే ఇప్పుడే తీసి పారేయండి, మిగతాది తరువాత చదువుదురు.

ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, వెనక ముగ్గురికీ మూడు చోట్ల పట్టే బెల్టులు, మంచి టైర్లు, మంచి హెడ్‌లైట్లు. ఇవి ఉన్న కింది మోడల్, ఇవి సరిగా లేకుండా అడాస్ స్టిక్కర్ ఉన్న దానికంటే ఎప్పుడూ మేలే. ఈఎస్‌సీ గురించి ఒక మాట చెప్పాలి. వాన పడ్డ రోడ్డు మీద గేదె అడ్డం వచ్చి స్టీరింగ్ ఒక్కసారి తిప్పితే కారు బొంగరంలా తిరగకుండా ఒక్కో చక్రానికి వేరుగా బ్రేకు వేసి నిలబెట్టేది అదే. అడాస్ బ్రేకు కూడా దాని భుజాల మీదే నిలబడి పనిచేస్తుంది. ఇక స్టార్ల సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు ప్రధానంగా గుద్దుకున్నప్పుడు లోపలున్న పెద్దలను, పిల్లలను కారు ఎంత కాపాడుతుందో చెప్తాయి. గుద్దుకోకుండా ఆపే సామర్థ్యానికి అవి కొలత కాదు. రెండూ వేరువేరుగా చూసుకోవాలి.

బ్రేకు తనే వేసేది: దీనికి డబ్బు పెట్టండి

మొత్తం అడాస్‌లో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఎంచుకునేది ఇదే. షోరూం వాళ్లు ఏఈబీ అంటారు. ముందు అడ్డు కనిపించినప్పుడు మొదట చప్పుడు చేస్తుంది. మనం పట్టించుకోకుంటే తనే గట్టిగా బ్రేకు వేస్తుంది.

ఎందుకు అవసరమో చిన్న లెక్క చూడండి. 80 వేగంతో పోతున్న కారు ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. అడ్డు కనిపించి, మెదడుకు అంది, కాలు బ్రేకు మీదికి పోయే సరికి సెకను, సెకనున్నర అవుతుంది. అంటే బ్రేకు పడకముందే దాదాపు ముప్పై మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద ఆ తరువాత పూర్తిగా ఆగడానికి ఇంకో ముప్పై అయిదు మీటర్లు కావాలి. ఆ మొదటి ముప్పై మీటర్లను తగ్గించడమే ఏఈబీ పని. పూర్తిగా ఆపలేకపోయినా 80ని 40కి దించగలిగితే దెబ్బలో ఉండే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది.

నాకు జరిగింది చెప్తాను. చిట్యాల దాటి హైదరాబాద్ వైపు వస్తున్నాను, పొద్దున ఎనిమిది కావస్తోంది, వేగం డెబ్బై చిల్లర. డివైడర్‌లో గ్యాప్ దగ్గర బైకు వెనక పచ్చగడ్డి మోపు కట్టుకున్న ఒక పెద్దాయన అటూ ఇటూ చూడకుండా అడ్డం తిరిగాడు. ఆ క్షణాన నా చూపు ఎడమ పక్కన ఆగిన బస్సు మీద ఉంది. కారులో మూడుసార్లు చప్పుడు, తెర మీద ఎర్రటి గుర్తు, నా కాలు లేచేలోపే కారు ముందుకు వంగి ఆగింది. బెల్టు ఛాతీని పట్టేసింది. పక్క సీటు మీది నీళ్ల బాటిల్ ఎగిరి పెడళ్ల దగ్గర పడింది. దిగి చూస్తే నా బంపరుకూ ఆయన గడ్డి మోపుకూ మధ్య రెండు అడుగులు లేదు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు కూడా, గడ్డి అడ్డం ఉండె. ఆ రోజు నుంచి నీళ్ల బాటిల్ తలుపులోనే పెడుతున్నాను.

ఇప్పుడు దాని అవతలి వైపు. నవంబరులో ఒక రాత్రి దేవరకొండ వైపు నుంచి వస్తున్నాను. కోతల కాలం. రోడ్డులో సగం దాకా వడ్లు ఆరబోసి, సాయంత్రం కుప్ప చేసి, మీద నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ బండరాళ్లు పెట్టారు. అంచున ఒక కట్టె, కట్టెకు ఎర్రగుడ్డ పేలిక. లైటు వెలుగులో ఆ పేలిక నాకు కనపడింది కాబట్టి తప్పించాను. కారు చప్పుడు చెయ్యలేదు. తప్పు దానిది కాదు. దానికి నేర్పింది కార్లు, లారీలు, మనుషులు, సైకిళ్లు. వడ్ల కుప్ప ఏమిటో దానికి తెలియదు. బర్లు, గొర్ల మందలు, కుక్కలు కూడా చాలా కార్ల లెక్కలో లేవు. కాబట్టి మన పల్లె రోడ్ల మీద రాత్రిపూట ఏఈబీని నమ్ముకుని వేగం పెంచకూడదు. నమ్ముకోవాల్సింది మంచి హెడ్‌లైట్లను, అరవై దాటని వేగాన్ని.

ఇంకా ముఖ్యమైన హెచ్చరిక ఆగి ఉన్న లారీల గురించి. హైవే పక్కన, ఒక్కోసారి రోడ్డు మీదనే, వెనక లైట్లు లేకుండా నిలిపిన లారీలు మన దగ్గర ఎన్నో ప్రాణాలు తీసుకున్నాయి. కారు ఇట్లాంటి వాటిని తప్పక పట్టుకుంటుందని అనుకోవద్దు. కదిలే బండిని వెంబడించడం రాడార్‌కు తేలిక. ఎక్కువ వేగంలో పోతుండగా ఎదురైన కదలని వస్తువు లారీయో, బోర్డుయో, రెయిలింగో తేల్చడం కష్టం. చాలా కంపెనీల మాన్యువళ్లలో ఆగి ఉన్న వాహనాలను గుర్తించకపోవచ్చని రాసే ఉంటుంది. అట్లాగే ఏ వేగం దాకా పనిచేస్తుందో కూడా ఉంటుంది. కార్లకు ఒక హద్దు, నడిచే మనుషులకు, సైకిళ్లకు ఇంకా తక్కువ హద్దు. కోతల కాలంలో మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర రాత్రి ట్రాక్టర్లు బారులు తీరితే చూడండి, ఒక్కదానికి వెనక రేడియం ముక్క ఉండదు. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకుల సంగతీ అంతే. ఎదురెదురుగా వచ్చేవాటిని పట్టుకునే కార్లు తక్కువ.

క్రూయిజ్: రోడ్డును బట్టి వరం, రోడ్డును బట్టి విసుగు

వేగం తనే చూసుకునే అడాప్టివ్ క్రూయిజ్ గురించి అందరూ ముచ్చటపడి అడుగుతారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద, జడ్చర్ల దాటాక భూత్పూర్, అడ్డాకుల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా కర్నూలు పోతుంటే ఇది నిజంగా హాయి. వేగం 90కి పెట్టి, ముందు బండితో దూరం రెండో గీతకు పెడితే కాలు అలసిపోదు. అలంపూర్ చేరేసరికి మనిషి తాజాగా ఉంటాడు. ఒంటరిగా దూరం పోయేవాళ్లకు ఇది ఆరోగ్యానికి పెట్టిన ఖర్చు అనుకోవచ్చు.

హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు మీద అంత సుఖం లేదు. చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి దాకా అడుగడుగునా కూడళ్లు, ఫ్యాక్టరీ గేట్లు, సర్వీసు ఆటోలు. మన కారు ముందు బండికి నలభై మీటర్లు వదిలితే, ఆ నలభై మీటర్లలోకి ఒక ఆటో దూరుతుంది. కారు ఉలిక్కిపడి వేగం తగ్గిస్తుంది. మళ్లీ దూరం వదులుతుంది, మళ్లీ ఎవరో దూరతారు. వెనకొచ్చే లారీ డ్రైవరుకు మన కారు ఎందుకు ఊరికే ఆగుతోందో అర్థం కాదు. అసలు భయం అక్కడుంది. సంక్రాంతికి ముందు రోజుల్లో పంతంగి టోల్ దగ్గర మైళ్ల కొద్దీ క్యూ ఉన్నప్పుడు మాత్రం ఆగి మళ్లీ కదిలే క్రూయిజ్ మోకాళ్లను కాపాడుతుంది. ఆ సౌకర్యం కావాలంటే ఆటోమేటిక్ గేరు ఉండాలి. మాన్యువల్ గేరులో ఈ క్రూయిజ్ ఉండకపోవచ్చు, ఉన్నా పూర్తిగా ఆగి మళ్లీ బయలుదేరదు.

నా లెక్క ఇది: నాలుగు వరుసల రోడ్డు మీద నెలకు వెయ్యి కిలోమీటర్లు పైన తిరిగితే క్రూయిజ్‌కు డబ్బు పెట్టవచ్చు. అంతకంటే తక్కువైతే ఊరికే వస్తే సరే, దానికోసం పై మోడల్‌కు పోవద్దు.

గీత దాటితే స్టీరింగును వెనక్కి లాగే లేన్ అసిస్ట్‌కు మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టవద్దనే అంటాను. చాలా కార్లలో అది అరవై దాటితేనే మేల్కొంటుంది, గీతలు కనిపిస్తేనే పనిచేస్తుంది. కొండమల్లేపల్లి-కల్వకుర్తి మధ్య గీత ఉన్నచోటు ఉంటుంది, లేనిచోటు లేదు. పనులు జరిగే చోట పాత గీత, కొత్త గీత రెండూ కనపడి దాన్ని తికమక పెడతాయి. గుంత తప్పించబోతే, పక్కన పోయే బైకుకు జాగా ఇవ్వబోతే స్టీరింగ్ చేతిలో అడ్డం తిరుగుతుంది. ఇండికేటర్ వేసి తప్పుకుంటే లాగదు, నిజమే. గుంతకు ఇండికేటర్ వేసే టైము ఎవరికుంటుంది? నేను 44 మీద తప్ప మిగతా అన్నిచోట్లా ఆపేస్తాను.

వెనక కళ్లు

వెనక మూలల రాడార్ల వల్ల వచ్చేవి మూడు. అద్దంలో కనపడని పక్క బండిని చూపే దీపం ఒకటి. రివర్స్ తీసేటప్పుడు అడ్డంగా వచ్చే బండిని చెప్పేది ఇంకొకటి. తలుపు తెరవబోతే వెనకనుంచి బైకు వస్తోందని చెప్పేది మూడోది. బ్రోచర్‌లో ఇవి చివర్లో చిన్న అక్షరాలతో ఉంటాయి. మన ఊళ్లలో ఎక్కువ పని వీటికే. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరయినా, పాలమూరు మెట్టుగడ్డలో అయినా, దుకాణం ముందు ముక్కు లోపలికి పెట్టి ఆపిన కారును సాయంత్రం వేళ వెనక్కి తీయడం ఎంత కష్టమో మీకు తెలుసు. రెండు పక్కలా ట్రాలీ ఆటోలు, వెనక ఏమీ కనపడదు. నా కారు పక్కనుంచి వచ్చే బైకును అది కనపడకముందే చెప్తుంది. వారంలో రెండుసార్లయినా దాని వల్ల మేలు జరుగుతోంది.

తలుపు హెచ్చరిక పిల్లలున్న ఇంటికి బంగారం. బడి ముందు కారు ఆగగానే తలుపు తోసే పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు.

360 డిగ్రీల కెమెరా అడాస్ కిందికి రాదు, చాలా కార్లలో మధ్య మోడళ్లలోనే వస్తోంది. ఇరుకు గల్లీల్లో ఇది చాలా ఉపయోగం, కాకపోతే అది చూపిస్తుందే తప్ప హెచ్చరించదు. వెనక రాడార్లు, 360 కెమెరా రెండింట్లో ఒకటే అందుబాటులో ఉంటే నేను రాడార్ల వైపే పోతాను. రెండూ అందకపోతే పక్క అద్దాలను కొద్దిగా బయటికి తిప్పుకోండి, మన కారు పక్కభాగం అంచు మాత్రమే కనపడేలాగ. దానికి రెండు గుండ్రటి చిన్న అద్దాలు అతికించుకుంటే కొన్ని వందల రూపాయల్లో సగం పని అయిపోతుంది.

ఇక మిగిలినవి త్వరగా. ఆటో హైబీమ్ హైవే మీద బాగుంటుంది. మా పల్లె రోడ్ల మీద లైటు లేని సైకిలునూ, నడిచే మనిషినీ గుర్తుపట్టక వాళ్ల కళ్లలో కొడుతుంది, చేత్తో మార్చుకోవడమే నయం. నిద్ర హెచ్చరిక రెండు రకాలు. స్టీరింగ్ కదలికలను బట్టి తెర మీద కాఫీ కప్పు బొమ్మ చూపేది ఒకటి, ముఖాన్ని కెమెరాతో చూసేది ఇంకొకటి. రెండోదే పనికొచ్చేది. ఏది మోగినా కారు పక్కకు ఆపి పడుకోవాలి, ఏసీ పెంచుకుని పోవడం కాదు. స్పీడు బోర్డు చదివేది ముచ్చటకే. శ్రీశైలం ఘాటు రోడ్డు మీద, మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవిలోకి పోయాక, దాదాపు అన్నీ ఆపేసి నడపడమే మంచిది. ఆ మలుపుల్లో ఎదురు లేన్‌లోని బండిని చూసి నా కారు రెండుసార్లు ఊరికే అరిచింది. కోతులు, దుప్పులు అడ్డం వచ్చే రోడ్డు అది.

కొన్నాక వచ్చే ఖర్చు

ఈ ముక్క ఎవరూ చెప్పరు. ముందు గాజు పగిలితే మామూలు కారుకు గాజు మార్చి ఇచ్చేస్తారు. అడాస్ కారుకు గాజు మార్చాక కెమెరాను మళ్లీ సరిచూసి సెట్ చెయ్యాలి, దానికి ప్రత్యేకమైన బోర్డు, కంప్యూటరు కావాలి. మా తోడల్లుడి కారు గాజుకు కంకర లారీ నుంచి రాయి తగిలింది. బయట షాపులో తక్కువకు వస్తుందని మార్పించాడు. ఆ తరువాత కారు ఖాళీ రోడ్డు మీద కూడా బ్రేకు వేయబోయేది. చివరికి కంపెనీ సర్వీసుకు తీసుకుపోయి రెండోసారి డబ్బు కట్టాడు. బంపరుకు చిన్న దెబ్బ తగిలినా లోపల రాడార్‌ను బిగించిన పట్టీ వంగితే అదే కథ. కాబట్టి అడాస్ కారు కొంటే జీరో డెప్ ఇన్సూరెన్సు, అంటే పార్టుల ధరలో తరుగు కొయ్యకుండా ఇచ్చేది, తప్పనిసరి అనుకోండి. గాజుకూ, కెమెరా సెట్టింగుకూ కవర్ ఉందో లేదో కాగితం మీద చూసుకోండి.

పూజ సంగతి కూడా చెప్పాలి. నా కారును చెర్వుగట్టుకు తీసుకుపోయి పూజ చేయించినప్పుడు ముందు గ్రిల్లుకు బంతిపూల దండ, నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి, బంపరుకు పసుపు పూసి బొట్లు పెట్టారు. తిరిగి వస్తుంటే నల్లగొండ రాకముందే తెర మీద ముందు రాడార్ మూసుకుపోయిందని వచ్చి అన్నీ ఆగిపోయాయి. పూజ మానుకోమని నేనెందుకంటాను? దండ పైన బానెట్ మీద వేయండి, రాడార్ ఉన్న చదునైన ముక్క ఎక్కడుందో ముందే తెలుసుకుని ఆ చోటు వదిలేయండి. ఇంటికి వచ్చాక పసుపు తడిబట్టతో తుడిచేయండి. గాజు పైభాగంలో దేవుడి పేరు స్టిక్కర్, నల్ల పట్టీ కూడా కెమెరా ముందు వద్దు. ముందు ఇనుప గార్డు సంగతి అడగనే వద్దు. 2017 డిసెంబరు నుంచి అది నిషేధం, పైగా రాడార్‌కూ ఎయిర్‌బ్యాగులకూ అడ్డం.

ముగ్గురికీ నేను చెప్పింది

మా చెల్లె పాలమూరు నుంచి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి పోతుంది, దారిలో మూడు ఊళ్లు. పెద్ద కారు కింది మోడల్ తీసుకోవాలా, చిన్న కారు పై మోడల్ తీసుకోవాలా అని ఆలోచిస్తోంది. పెద్దదానికి అడాస్ లేదు, చిన్నదానికి కెమెరా ఏఈబీ ఉంది, ఆరు ఎయిర్‌బ్యాగులూ ఈఎస్‌సీ రెండింటికీ ఉన్నాయి. చిన్నదే తీసుకో అన్నాను. ఆమె వేగం యాభై దాటదు. ఏఈబీ బాగా పనిచేసేది ఆ వేగంలోనే. ఆమె దారిలో అడ్డం వచ్చేది పిల్లలు, సైకిళ్లు, బైకులు. "అన్నా, పెద్ద కారైతే నలుగురిలో..." అనబోయి తనే ఆగింది.

దోస్తు కొడుకు వారానికి మూడువందల కిలోమీటర్లు 65 మీదే తిరుగుతాడు, శుక్రవారం రాత్రి అలసిపోయి బయలుదేరుతాడు. వాడికి రాడార్ ఉన్న ఏఈబీ, ఆటోమేటిక్‌తో వచ్చే క్రూయిజ్, ముఖం చూసే నిద్ర హెచ్చరిక ఉన్నది చూడమన్నాను. సన్‌రూఫ్ వదులుకునైనా సరే. ఇంకో మాట కూడా అన్నాను: శుక్రవారం రాత్రి కాదు బిడ్డా, శనివారం పొద్దుగాల బయలెల్లు.

బావకు కథ వేరు. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద రాత్రిళ్లు మిల్లు పని మీద తిరుగుతాడు. లక్షన్నరలో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటీ రాయించుకుని రమ్మన్నాను. చూస్తే అందులో పెద్ద సన్‌రూఫ్, గాలి వచ్చే సీట్లు, పెద్ద స్పీకర్లు ఉన్నాయి, అడాస్ వాటా సగం కూడా లేదు. అదే ధర ఉన్న ఇంకో కంపెనీ కారులో మధ్య మోడల్‌కే ముందు రాడార్, వెనక మూలల రాడార్లు, మంచి ఎల్‌ఈడీ లైట్లు వస్తున్నాయి. అది తీసుకున్నాడు. చీకటి పడ్డాక టెస్ట్ డ్రైవ్ ఇవ్వమంటే షోరూం వాళ్లు మొదట ఒప్పుకోలేదు, పట్టుబట్టి ఏడున్నరకు తీసుకున్నాడు. హెడ్‌లైటు వెలుగు ఎంత దూరం పడుతుందో పగటిపూట ఎట్లా తెలుస్తుంది?

పక్కింటాయన అయిదేళ్ల నాటి కారును అమ్మి అడాస్ కారు కొనాలా అని అడిగాడు. వద్దన్నాను. ఆయన టైర్లు అరిగిపోయి ఉన్నాయి. నాలుగు కొత్త టైర్లు, ఒక డ్యాష్‌క్యామ్, హెడ్‌లైటు గాజుల పాలిష్, అంతే చాలు. బయట దొరికే కెమెరా పరికరాలు చప్పుడు చేస్తాయి తప్ప బ్రేకు వేయలేవు. చప్పుడు కూడా తక్కువ మేలు కాదు, ఐరాస్తే అనే ప్రాజెక్టు కింద మన ఆర్టీసీ బస్సుల్లో పెట్టింది ఆ రకమే. దూరం తిరిగే టాక్సీ వాళ్లకు దాన్ని చెప్తాను, ఇంటి కారుకు అవసరం లేదు.

బావ కారు డెలివరీ రోజు నేనూ పోయాను. దండలు, ఫొటోలు అయ్యాక అరగంట కూర్చుని సెట్టింగులు పెట్టించాను. ముందు హెచ్చరిక "తొందరగా" అన్న దాని మీద, క్రూయిజ్ దూరం మధ్యలో, లేన్ అసిస్ట్ బంద్, పక్క బండి హెచ్చరిక చప్పుడుతో సహా, తలుపు హెచ్చరిక ఆన్. కొన్ని కార్లు ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే లేన్ అసిస్ట్‌ను తిరిగి ఆన్ చేసుకుంటాయి, బావ కారు కూడా అట్లాంటిదే. స్టీరింగ్ మీద ఆ బటన్ ఎక్కడుందో చీకట్లో వేలితో తడిమి పట్టుకునేదాకా నాలుగుసార్లు నొక్కించాను.